స్వామిని చూశాం... శంకర్‌ని చూశామా?

బెంగుళూరు వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. అక్కడ ఆటో ఎక్కేటప్పుడు డ్రైవరు మొహం చూస్తామో లేదో గాని, ఆటో వెనకాల అంటించిన ఇంకో మొహం మాత్రం చూడక తప్పదు. ఖాకీ చొక్కా, మీసం, చెదిరిన జుట్టు, ఎవరినో ఆటపట్టించబోతున్నట్టు ఓ నవ్వు. కింద కన్నడంలో పేరు. శంకర్‌నాగ్!

ఒకసారి మెజెస్టిక్ దగ్గర ఎక్కిన ఆటో డ్రైవరుకి పాతికేళ్ళు కూడా ఉండవు. పలమనేరు వైపు కుర్రాడు. తెలుగులోనే కబుర్లు మొదలెట్టాడు.

"శంకర్‌నాగ్ సినిమాలు ఎన్ని చూశావు తమ్ముడూ?" అని అడిగాను.

"నేను పుట్టకముందే పోయినాడు కద సార్! మా నాయన చూసినాడు. స్టిక్కర్ మాత్రం నాదే!" అన్నాడు గర్వంగా.

"ఆయన డైరెక్టరు కూడా, తెలుసా?"

"డైరెక్టరేంది సార్? హీరో! శంకరణ్ణ!" అన్నాడు, నాకేమీ తెలీదన్నట్టు అద్దంలోంచి చూస్తూ.

"మాల్గుడి డేస్ తీసింది ఆయనే."

"అదేం సినిమా సార్?"

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే నా కథ సరిగ్గా దీనికి తిరగేసినట్టుంటుంది. ఆ కుర్రాడికి బొమ్మ తెలుసు, పని తెలీదు. చిన్నప్పుడు మా హిందూపురంలో మాకు పని తెలుసు, బొమ్మ తెలీదు!

రామాయణం సీరియల్ పుణ్యమా అని 1987లో మా వీధిలో మొదటి టి.వి. వచ్చింది. ఎవరింట్లో టి.వి. ఉంటే ఆ ఇల్లే మా అందరికీ టూరింగ్ టాకీసు. పెద్దవాళ్ళు రాముడి కోసం వస్తే పిల్లలం స్వామి కోసం వెళ్ళేవాళ్ళం. హిందీ మాకు ముక్క రాదు. అయినా అడ్డం రాలేదు. లెక్కల మేష్టారి బెత్తానికి భాషేమిటి? పరీక్ష ముందురోజు వచ్చే కడుపునొప్పికి భాషేమిటి? స్వామినాథన్ మా క్లాసువాడే అనుకున్నాం. వాళ్ళ నాన్నగా వేసిన గిరీష్ కర్నాడ్‌ని 'ఆనంద భైరవి'లో చూసి ఉన్నాం గనక ఆయన్ని గుర్తుపట్టాం. మంజునాథ్ అనే కుర్రాడి పేరు నేర్చుకున్నాం. ఎల్.వైద్యనాథన్ కట్టిన ఆ టైటిల్ రాగాన్ని స్కూలు బెల్లు కొట్టినప్పుడల్లా కూనిరాగం తీశాం. ఆర్.కె.లక్ష్మణ్ గీసిన బొమ్మలు నోటు పుస్తకాల వెనక గీశాం.

ఆ బొమ్మల మధ్యలోనే దర్శకుడి పేరు వచ్చి పోయేది. దాన్ని చదివినవాడు మాలో ఒక్కడూ లేడు. దర్శకుడి పేరు చదవడానికి టి.వి. ముందు కూచునేది ఎవరు చెప్పండి!

ఆ పేరు వెనకాల ఎంత మనిషి ఉన్నాడో పెద్దయ్యాక గాని నాకు తెలిసిరాలేదు.

నాటకాల పిచ్చోడు

శంకర్‌నాగ్ పుట్టింది 1954 నవంబరు 9న, ఉత్తర కన్నడ జిల్లా హొన్నావరలో. ఇంట్లో మాట్లాడేది కొంకణి. ఇంటిపేరు నాగరకట్టె. మన ప్రేక్షకులకు 'ప్రేమ లేఖలు', శ్యాం బెనెగళ్ 'అనుగ్రహం' చిత్రాల ద్వారా తెలిసిన అనంత్‌నాగ్ ఇతనికి స్వయానా అన్నగారు. అన్న లాగే తమ్ముడూ బొంబాయి చేరాడు. అక్కడ మరాఠీ నాటకరంగం పట్టుకుంది. ఇక వదిలిపెట్టలేదు. నటన అక్కడే. దర్శకత్వం అక్కడే. కాబోయే భార్య అరుంధతి పరిచయమైందీ ఆ నాటకాల్లోనే!

సినిమా తనంతట తనే వచ్చి తలుపు తట్టింది. గిరీష్ కర్నాడ్ 'ఒందానొందు కాలదల్లి' అనే చిత్రం మొదలుపెట్టారు. కత్తినే నమ్ముకుని బతికే కిరాయి సైనికుల కథ. జపాన్ దర్శకుడు కురొసావా చిత్రాలంటే తనకున్న ఇష్టాన్ని కర్నాడ్ ఇందులో దాచుకోలేదు. హీరోగా ఎవరూ ఎరగని శంకర్‌ని తీసుకున్నారు. 1978లో విడుదలయ్యేనాటికి కుర్రాడికి ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ళు. భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా రజత మయూరం తెచ్చుకున్నాడు. మొదటి సినిమాకే!

ఇంకొకరైతే ఇక ఆ నెమలి ఈకల్ని చూసుకుంటూ కూచునేవారేమో. శంకర్ ఏం చేశాడో చూడండి. '22 జూన్ 1897' అనే మరాఠీ చిత్రానికి రచనలో చెయ్యేశాడు. దానికీ జాతీయ పురస్కారం వచ్చింది. బెంగుళూరుకి మకాం మార్చాడు. అరుంధతితో కలిసి 'సంకేత్' అనే నాటక సంస్థ పెట్టాడు. కర్నాడ్ 'అంజు మల్లిగె', జయవంత్ దళ్వీ మరాఠీలో రాసిన 'బ్యారిస్టర్', 'సంధ్యా ఛాయ' అక్కడ కన్నడంలో రంగస్థలం ఎక్కాయి. 'సంధ్యా ఛాయ' కథేమిటో తెలుసా? కొడుకులు దూరమై, ఇంట్లో ఒంటరిగా మిగిలిన ముసలి దంపతుల కథ. దాన్ని ఎత్తుకున్నది నిండా ముప్ఫై ఏళ్ళు లేని కుర్రాడు! హాస్యం కావాలా? 'నోడి స్వామి నావిరోదు హీగె' ఉంది. "చూడండి స్వామీ, మేమింతే!" అని తెలుగులో చెప్పుకోవచ్చు. నాటకంగా జనాన్ని నవ్వించి, తర్వాత సినిమాగానూ వచ్చింది.

పగలు ఫైటింగులు, రాత్రి రిహార్సళ్ళు

ఇక్కడే అసలు తమాషా మొదలవుతుంది.

1980లో 'ఆటో రాజా' వచ్చింది. రాజన్-నాగేంద్ర బాణీలు, మన బాలు గొంతు, ఖాకీ చొక్కాలో శంకర్! ఆ ఒక్క పాత్రతో కర్ణాటకలోని ఆటో డ్రైవర్లందరికీ బంధువైపోయాడు. ఇక నిర్మాతలు వరస కట్టారు. కొట్టుకునే సినిమాలు, పరుగెత్తే సినిమాలు, తర్వాత్తర్వాత 'ఎస్.పి. సాంగ్లియానా' లాంటి పోలీసు సినిమాలు. అభిమానులు 'కరాటే కింగ్' అని బిరుదు కూడా ఇచ్చేశారు. పన్నెండేళ్ళలో తొంభై దాకా చిత్రాల్లో నటించాడంటే లెక్క వేసుకోండి. ఏడాదికి ఏడెనిమిది!

వాటిలో ఆణిముత్యాలెన్ని అంటే నేను చెప్పలేను. చాలా వాటిని చూస్తే, అతను సెట్లో నిలబడి మనసులో వేరే ఏదో సినిమా తీసుకుంటున్నాడేమో అనిపిస్తుంది. కన్నడ మిత్రులు చెప్పే మాట ఒకటుంది. ఫైటింగులు చేసి సంపాదించిన డబ్బు నాటకాల్లో పోసేవాడట. ఈ మాటలో అతిశయోక్తి ఉంటే ఉండొచ్చు గాని, అదే 1980లో దర్శకుడిగా తన మొదటి చిత్రం తీశాడన్నది మాత్రం అక్షరాలా నిజం. 'మించిన ఓట'. కార్లు దొంగిలించే కుర్రాళ్ళ కథ. అన్నదమ్ములిద్దరూ నటించారు. డ్యూయెట్లు లేవు, ఆర్భాటం లేదు. రాష్ట్ర ప్రభుత్వం అవార్డులు మాత్రం వరసపెట్టి ఇచ్చింది.

మరుసటేడు 'గీతా'. ఇళయరాజా సంగీతం. ఆ చిత్రంలో బాలు, జానకి పాడిన ఒక యుగళగీతం బాణీని 2007లో అమితాబ్ నటించిన హిందీ 'చీనీ కమ్'లో మళ్ళీ వాడుకున్నారు. ఈ తరం కుర్రాళ్ళు ఆ హిందీ పాట విని "ఆహా! ఎంత కొత్తగా ఉంది" అంటూంటే నాకు హొన్నావర కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను.

1985లో వచ్చిన 'ఆక్సిడెంట్' అన్నిటికన్నా ఘాటైనది. మత్తులో కారు నడిపిన ఓ రాజకీయ నాయకుడి కొడుకు పేవ్‌మెంట్ మీద పడుకున్న కూలీల మీదుగా పోనిస్తాడు. తండ్రి పలుకుబడి ఆ నేరాన్ని మింగెయ్యాలని చూస్తుంది. ఓ విలేఖరి నిజం కోసం వెంటపడతాడు. నాయకుడు అనంత్‌నాగ్, విలేఖరి శంకర్‌నాగ్! ఆ రోజుల్లో ఒక స్టార్ హీరో పాటల్లేని సినిమా తియ్యడం ఎంత సాహసమో మీకు వేరే చెప్పక్కర్లేదు. సాంఘిక సమస్యల మీద తీసిన ఉత్తమ చిత్రంగా దానికి జాతీయ అవార్డు వచ్చింది. ఇప్పటికీ పేపర్లో ఇలాంటి వార్త పడ్డప్పుడల్లా ఈ సినిమా నా కళ్ళముందు తిరుగుతుంది.

మాల్గుడి ఎక్కడుంది?

ఇక మన స్వామి దగ్గరికొద్దాం.

ఆర్.కె.నారాయణ్ మాల్గుడి అనే ఊరిని కాగితం మీద కట్టారు. మ్యాపులో ఎంత వెతికినా దొరకదు. ఆయన కథల్ని తెరకెక్కించడం అంటే కొరివితో తల గోక్కోవడమే. ఎందుకంటే 1965లో వచ్చిన దేవానంద్ 'గైడ్'ని జనం నెత్తిన పెట్టుకున్నా రచయిత మాత్రం మెచ్చలేదు. తన ఊరిని రాజస్థాన్‌కి లాక్కెళ్ళారని నొచ్చుకుని, ఆ ముచ్చటంతా ఒక వ్యాసంలో వెటకారంగా రాసేశారు కూడా. అలాంటి రచయిత కథలివి. పైగా దూరదర్శన్ కోసం. దేశమంతా చూస్తుంది. నిర్మాత టి.ఎస్.నరసింహన్ ఆ బరువుని ముప్ఫై ఒకటో, ముప్ఫై రెండో ఏళ్ళున్న శంకర్ భుజాల మీద పెట్టారు.

శంకర్ మాల్గుడిని ఏ స్టూడియోలోనూ అట్టముక్కలతో నిలబెట్టలేదు. షిమోగా జిల్లా పడమటి కనుమల్లో ఆగుంబె అనే చిన్న ఊరుంది. దక్షిణ చిరపుంజి అంటారు. అంత వాన! అక్కడికెళ్ళి 'దొడ్డమనె' అనే పాత మండువా ఇంట్లో కెమెరా పెట్టాడు. కళా దర్శకుడు జాన్ దేవరాజ్ ఆ వీధుల్నే నారాయణ్ వీధులుగా మార్చేశాడు. కెమెరా ఎస్.రామచంద్ర. దగ్గర్లోని అరసాళు అనే బుల్లి రైల్వే స్టేషన్ మాల్గుడి స్టేషన్ అయింది. (కథ ఇక్కడితో ఆగలేదు. 2020లో రైల్వేవాళ్ళు ఆ అరసాళు స్టేషన్ పాత కట్టడాన్ని బాగుచేసి మాల్గుడి మ్యూజియం పెట్టారు. కాగితం మీది ఊరికి చివరికి నిజంగానే ఒక స్టేషన్ దక్కింది!)

ఇప్పుడు మళ్ళీ చూస్తుంటే నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ లొకేషన్లు కాదు. నటులు. చాలామంది బెంగుళూరు నాటకాల వాళ్ళు. స్వామి తల్లిగా వైశాలి కాసరవళ్ళి, చిన్నా పెద్దా వేషాల్లో రంగస్థలం మనుషులు. నాటకాల వాళ్ళని కెమెరా ముందు పెడితే గొంతు పెంచుతారని, చేతులు ఊపుతారని మనకో అభిప్రాయం ఉంది. ఇక్కడ ఒక్కరంటే ఒక్కరు అరవరు! ఎదుటివాడు మాట్లాడేటప్పుడు వినడం అనేది స్టేజీ మీద నేర్చుకునే మొదటి పాఠం. ఆ వినడమే ఈ సీరియల్ అంతటా కనిపిస్తుంది. తండ్రి మాట్లాడుతుంటే స్వామి మొహం చూడండి. అర్థమవుతుంది.

ఒక్క ఎపిసోడ్ సంగతి చెప్తాను. నెలకి నలభై రూపాయల గుమాస్తా. సాయంత్రం సినిమాకి తీసుకెళ్తానని కూతురికి మాటిస్తాడు. ఆ పిల్ల మంచి గౌను తొడుక్కుని ఎదురుచూస్తూ ఉంటుంది. ఆఫీసులో ఆ రోజే పని తెమలదు. విసిగిపోయి రాజీనామా ఇచ్చేద్దామనుకుంటాడు. అంతలో జీతం అయిదు రూపాయలు పెరిగిందన్న కబురు. రాజీనామా ఏమైపోయిందో మీరే ఊహించండి! ఇంటికొచ్చేసరికి పిల్ల ఆ గౌనుతోనే నిద్రపోయి ఉంటుంది. అంతే కథ. ఆ గుమాస్తా వేషం వేసిందెవరనుకున్నారు? విష్ణువర్ధన్! కన్నడంలో అగ్రహీరో. పోస్టరు మీద అతని బొమ్మ పడితే హాలు నిండే రోజులు. అతన్ని తీసుకొచ్చి, ఫైటు లేకుండా, పాట లేకుండా, అయిదు రూపాయలకి లొంగిపోయే తండ్రిగా నిలబెట్టడానికి ఎంత నమ్మకం కావాలి? అడిగినవాడికీ కావాలి, ఒప్పుకున్నవాడికీ కావాలి.

చిన్నప్పుడు ఆ భాగం చూసి, సినిమా తప్పిపోయిన పిల్ల కోసం ఏడ్చాను. మొన్న చూసి, తండ్రి కోసం ఏడ్చాను. అదే షాటు. అదే నిడివి. అరగంటలో ఒదిగే టి.వి. కథలో రెండు వయసులకి సరిపడా చోటు ఉంచాడు చూశారా... అందుకే ఈ మనిషి గురించి మీకు చెప్పాలనిపించింది.

గడియారంతో పోటీ

అతని తొందర గురించి కన్నడిగులు కథలు కథలుగా చెప్పుకుంటారు. పాటల రికార్డింగుకి మాటిమాటికీ మద్రాసు పరుగెత్తడమెందుకని బెంగుళూరులోనే సంకేత్ రికార్డింగు స్టూడియో పెట్టాడు. స్టైన్‌బెక్ నవల ఆధారంగా రాజ్‌కుమార్‌తో 'ఒందు ముత్తిన కథె' తీసి 1987లో కెమెరాని నీళ్ళ అడుక్కి దించాడు. బెంగుళూరుకి మెట్రో రైలు కావాలని, నంది కొండకి రోప్‌వే కావాలని ప్లాన్లు పట్టుకుని ప్రభుత్వం చుట్టూ తిరిగాడని చెప్తారు. బెంగుళూరులో మెట్రో మొదటిసారి కదిలింది 2011 అక్టోబరులో. అప్పటికి అతను పోయి ఇరవై ఒక్క ఏళ్ళు!

1990 సెప్టెంబరు 30. 'జోకుమారస్వామి' చిత్రం షూటింగు కోసం భార్యాబిడ్డలతో కారులో బయల్దేరాడు. దావణగెరె దగ్గర అనగోడు అనే ఊరి వద్ద తెల్లవారుజామున ప్రమాదం. అరుంధతి, కూతురు గాయాలతో బయటపడ్డారు. శంకర్ మిగల్లేదు. వయసు ముప్ఫై అయిదు. 'ఆక్సిడెంట్' తీసిన మనిషిని రోడ్డే తీసుకుపోయిందని పత్రికలవాళ్ళం ఇట్టే ఓ వాక్యం రాసెయ్యగలం. నాకది రాయబుద్ధి కాదు. నాకు ఇంకో సంగతి పట్టుకుంటుంది. 'జోకుమారస్వామి' చంద్రశేఖర కంబార రాసిన నాటకం. అంటే అతని చివరి ప్రయాణం కూడా ఒక నాటకం వైపే!

తెల్లారి బెంగుళూరు నుంచి వచ్చిన బస్సు వాళ్ళు మా హిందూపురానికి ఈ కబురు మోసుకొచ్చారు. మా బస్టాండు హోటల్లో కన్నడం మాట్లాడే కూలీలు టీ గ్లాసులు అలాగే పట్టుకుని నిలబడిపోవడం చూశాను. మా స్కూల్లో ఎవరో అన్నారు, "మన స్వామి సీరియల్ తీసినాయనంటరా!" అని. ఆ రోజే మొదటిసారి మాకు ఆ పేరుకీ ఆ పనికీ లంకె కుదిరింది. మనిషి పోయిన తర్వాత!

"బతికుంటే ఎంత చేసేవాడో!" అంటారు అభిమానులు. కన్నడ మిత్రులతో కూచుంటే ఈ మాట లేకుండా సాయంత్రం గడవదు. నేను మాత్రం ఈ పాటలో గొంతు కలపను. చెయ్యనివి లెక్కపెడుతూ కూచుంటే చేసినవి మరుగున పడతాయి. పన్నెండేళ్ళలో నాటక సంస్థ, స్టూడియో, దర్శకుడిగా సినిమాలు, దేశమంతా చూసిన సీరియల్, తొంభై వేషాలు. చాలదూ? డెబ్భై ఏళ్ళు బతికి "ఛాన్సు రాలేదండీ" అంటూ పోయినవాళ్ళని మన ఫీల్డులోనే ఎంతమందిని చూళ్ళేదు!

ఒక మూసిన తలుపు

అతను వదిలేసిన పనిలో ఒకదాన్ని అరుంధతి పట్టుకుంది. నాటకాలకంటూ ఒక మంచి హాలు. ఏళ్ళ తరబడి తిరిగి, విరాళాలు పోగుచేసి, 2004లో బెంగుళూరు జె.పి.నగర్‌లో 'రంగశంకర' తెరిచింది. నాటక సంస్థలకి తక్కువ అద్దె. దాదాపు రోజూ ఏదో ఒక నాటకం. ఓ నియమం మాత్రం ఉక్కులాంటిది. గంట కొట్టి తలుపు మూశాక ఎంతటివాడినీ లోపలికి రానివ్వరు.

నేను అక్కడ ఓ కన్నడ నాటకానికి వెళ్ళిన రోజున ఖరీదైన కారులో ఓ పెద్దమనిషి రెండు నిమిషాలు ఆలస్యంగా దిగాడట. ఎవరెవరి పేర్లో చెప్పాడట. తలుపు దగ్గరి కుర్రాడు నవ్వుతూనే చేతులు జోడించాడట. ఇంటర్వెల్లో ఆ ముచ్చట విని నాకు ముచ్చటేసింది. లోపల ముందు వరసలో కాలేజీ పిల్లలు కూచుని ఉన్నారు. వాళ్ళ చేతుల్లో పాప్‌కార్న్ లేదు, సెల్‌ఫోన్ వెలుగు లేదు. దీపాలు ఆరగానే గుసగుసలూ ఆగిపోయాయి. స్టేజీ మీద ఒక నటి నీళ్ళ చెంబు కింద పెట్టిన చప్పుడు చివరి వరసలో నాకు వినిపించింది.

సరే, మీరిప్పుడు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలి? నన్నడిగితే, ఫైటింగు సినిమాల జోలికి ఇప్పుడే పోకండి. ముందు 'ఆక్సిడెంట్' చూడండి. తర్వాత 'మించిన ఓట'. కన్నడం రాకపోయినా ఫర్వాలేదు, మాకు హిందీ వచ్చి చూశామా ఏమిటి? ఆపైన ఓ తీరిక సాయంత్రం నలభై రూపాయల గుమాస్తా కథ పెట్టుకోండి. పక్కన మీ నాన్నగారుంటే మరీ మంచిది.